శివారు చేనుకు వంతు నీరు



మొన్న మూడు వారాలు మా నుండి మీకు ఏమీ రాలేదు. మీలో కొందరు అడిగారు, కొందరు మొహమాటపడి ఊరుకున్నారు. ఈ వారం ఆ సంగతే రాయాలనుకున్నాం. రాసే చేయి ఒకటే అయినా ‘మేము’ అని ఎందుకు రాస్తామో పాత చదువరులకు తెలుసు. రాసినదంతా మొదట వినేదీ, బాగోలేదని మొహం మీదే చెప్పేదీ మా ఇంటి అమ్మగారే. కాబట్టి మంచిలోనూ చెడ్డలోనూ ఇద్దరికీ భాగం ఉంది. ఈసారి తప్పులో పెద్ద వాటా మాత్రం రాసే చేతిదే.

నాలుగో వారం గురువారం రాత్రి ఒక చెల్లెమ్మ కువైట్ నుండి వాయిస్ మెసేజ్ పెట్టింది. “వందనాలండి అయ్యగారూ. ఈ వారం కూడా రాలేదండి. ఒంట్లో బాగానే ఉందాండి? అమ్మగారికి వందనాలు చెప్పండి.” అంతే. అందులో నిష్ఠూరం లేదు. నిష్ఠూరంగా మాట్లాడి ఉంటే మాకు జవాబు చెప్పడం తేలికయ్యేది.

కారణాలు మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మొదటి వారం వానలు పట్టుకుని మందిరం వెనక వసారాలోకి నీళ్లు వచ్చాయి. కరెంటు రెండు రోజులు సరిగ్గా లేదు. రెండో వారం ఉజ్జీవ కూటాలు. మూడో వారం మా సంఘంలో ఒక పెద్దామె భూస్థాపన. అన్నీ నిజమే. జవాబుగా అవన్నీ చెబుదామని ఫోన్ చేతిలోకి తీసుకుంటే అమ్మగారు అన్నారు, “ఏవండీ, ఆ భూస్థాపన ఎవరిదో మర్చిపోయారా? ఆ పిల్ల తల్లిదే కదా!”

ప్రియులారా, ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ చెల్లెమ్మ సంగతి ఆమెను అడిగే రాస్తున్నాం. “పేరు వద్దండి, మిగతాది రాయండి” అంది. కోనసీమలో ఇలాంటి బిడ్డ లేని వీధి తక్కువ. ఇల్లు కట్టుకోవడానికి, పిల్లల చదువుకు, చేసిన అప్పు తీర్చడానికి ఆడపిల్లలు గల్ఫ్ వెళ్లి ఇళ్లలో పనిచేస్తారు. ఈమె వెళ్లి ఆరేళ్లు దాటింది. శుక్రవారం ఆ ఇంట్లో వాళ్లు ఆలస్యంగా లేస్తారట. అందుకని గురువారం రాత్రి పని ముగిశాక ఆమెకు ఒక అరగంట తనదంటూ ఉంటుంది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ పది గంటలంటే మనకు పన్నెండున్నర. మనం నిద్రలో ఉండగా ఆమె ఫోన్ తెరిచి చదువుకుంటుంది. ఒక్కతే చదువుకోదు. కడప వైపు నుండి వచ్చిన ఒక అక్క పక్కింట్లో పనిచేస్తుంది. ఆమెకు చదువు రాదు. ఈమె చదివి, ఫోన్‌లో రికార్డు చేసి, ఆమెకు పంపుతుంది.

తల్లి చనిపోయినప్పుడు రావడానికి ఆమెకు వీలు కాలేదు. భూస్థాపన సమయంలో తమ్ముడు వీడియో కాల్‌లో చూపించాడు. సమాధి దగ్గర సిగ్నల్ సరిగ్గా లేక మధ్యలో తెగిపోయింది. మేము సాయంత్రం ఫోన్ చేసి రెండు నిమిషాలు ప్రార్థన చేశాం. పెద్దామెను మంచిగా సాగనంపాం, మా పని మేము చేశాం అనుకుని పడుకున్నాం. ఆ వారం రాత మానేశాం. ఎవరి తల్లిని పాతిపెట్టడానికి వెళ్లి తీరిక లేదనుకున్నామో, ఆ బిడ్డే ఆ గురువారం రాత్రి మా నాలుగు మాటల కోసం ఎదురుచూసింది. ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు ఓదార్చడానికి ఊరంతా ఉంది. ఆమెకు ఉన్నది ఒక ఫోన్.

ఇక్కడ ఇంకొక సంగతి ఒప్పుకోవాలి. వానలూ కూటాలూ భూస్థాపన రాతను ఆపిన మాట నిజమే గాని, అసలు ఆటంకం వాటికంటే ముందే వచ్చింది. ఆ మూడు వారాలకు ముందు మేము రాసిన వ్యాసం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. పరిశుద్ధీకరణ గురించినది. సెమినరీలో డిప్లొమా చదువుకున్న రోజుల నోట్సు దుమ్ము దులిపి, గ్రీకు మాటలు నాలుగు పెట్టి, చాలా పొడవుగా రాశాం. చదివి ఒక పెద్ద సేవకుడు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. “ఇలా రాయాలయ్యా” అన్నారు. ఆ మెప్పు తలకెక్కింది. తర్వాతి వారం కూర్చుంటే ఏ మాట రాసినా ఆ స్థాయిలో లేదనిపించింది. రెండు పేజీలు రాసి చింపేశాం. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆటంకమూ మాకు చుట్టంలాగే కనబడింది. రాయకుండా ఉండడానికి ఒక సాకు దొరికింది కదా!

ఆ వ్యాసం ఎలా ఉందమ్మా అని తర్వాత ఆ చెల్లెమ్మను అడిగాం. కాసేపు మాట్లాడలేదు. “బాగుందండి. కడప అక్క ‘అంటే ఏంది’ అని అడిగితే నేనే చెప్పలేకపోయాను. నాకే చదువు తక్కువ కదండి” అంది. తప్పు మాది. సిగ్గు ఆమె పడింది. రాసేవాడు చదివేవాళ్ల కోసం రాయకపోతే జరిగే నష్టం ఇదే. అర్థం కాని రాత చూసి చదువు లేనివాళ్లు రాసినవాడిని నిందించరు, తమను తామే తక్కువ చేసుకుంటారు.

ఈ సంగతి మనకంటే చాలా ముందు గోదావరి ఒడ్డునే ఒకాయన ఆలోచించారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు. సంఘ సంస్కర్తగా, వితంతు వివాహాలు జరిపించినవారుగా ఆయన మనకు తెలుసు. ఆయన రాత సంగతి కొంచెం చూడండి. చిన్న వయసులో ఆయన ‘శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము’ అని ఒక కావ్యం రాశారు. ఆ పేరులోనే దాని కష్టం ఉంది. సంస్కృత పదం రాకూడదు, అచ్చ తెలుగే కావాలి. పెదవులు తగిలే ప, ఫ, బ, భ, మ లాంటి అక్షరాలు రాకూడదు. వచనం ఉండకూడదు, అంతా పద్యమే. అలాంటి గారడీ చేయగల పండితుడు ఆయన.

అదే పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టారు. అప్పుడాయన ధవళేశ్వరంలో బడిపంతులు. మొదట్లో పత్రికను మద్రాసులో అచ్చు వేయించి తెప్పించుకోవలసి వచ్చేది, తర్వాత రాజమండ్రిలోనే అచ్చుకూటం పెట్టుకున్నారు. పత్రిక నడుపుతూ ఆయన తన పండిత భాషను పక్కనబెట్టి తేలిక వచనానికి దిగివచ్చారు. ఎందుకు? లంచాల గురించి, బాల్యవివాహాల గురించి రాస్తే అది ఊళ్లో మామూలు మనిషికి తెలియాలి. నిరోష్ఠ్యంగా రాస్తే లంచగొండికి భయమేముంది! ‘రాజశేఖర చరిత్రము’ను ఆయన 1878లో ఆ పత్రికలోనే భాగాలుగా వేశారు, 1880లో అది పుస్తకమైంది. కథ కూడా ధవళేశ్వరంలోనే మొదలవుతుంది. చదివేవాళ్లకు తెలిసిన రేవు, తెలిసిన గుడి, తెలిసిన మనుషులు. ఆడవాళ్లకు వేరే చెప్పవలసింది ఉందని 1883లో ‘సతీహితబోధిని’ అని మరొక పత్రిక తెచ్చారు. ఎవరు చదువుతారో ముందు చూసుకుని, దానికి తగ్గ భాష, దానికి తగ్గ పత్రిక. ఆయన విశ్వాసమూ మన విశ్వాసమూ ఒకటి కాకపోవచ్చు, కాని రాసే సేవకులందరమూ ఈ ఒక్క విషయంలో ఆయన దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.

అలాగే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోరాడినవారని బడి పిల్లలు కూడా చెబుతారు. కాని ఆయన తెలుగు కోసం పోరాడక ముందే కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. ఆ అడవుల్లో తిరిగి మలేరియా పట్టి, క్వినైను ఎక్కువగా వాడి, చెవుడు తెచ్చుకున్నారు. చదివేవాళ్ల మాట వినడానికి వెళ్లి తన చెవులు పోగొట్టుకున్న మనిషి. మనం మన ఊరి వాళ్ల భాషలో రాయడానికి బద్ధకిస్తున్నాం.

ధవళేశ్వరం పేరు వచ్చింది కాబట్టి మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 1852లో అక్కడ ఆనకట్ట పూర్తయిన తర్వాతనే ఈ డెల్టాకు కాలువ నీరు ఖాయమయ్యింది. బొబ్బర్లంక దగ్గర మొదలయ్యే మధ్య డెల్టా కాలువలు కోనసీమ అంతా తిరిగి మా ఉప్పలగుప్తం వచ్చేసరికి చివరికి వచ్చేస్తాయి. మాది శివారు. మా తర్వాత సముద్రమే. దాళ్వాలో నీరు తక్కువైతే వంతులు పెడతారు. ఇన్ని రోజులు ఈ కాలువకు, ఇన్ని రోజులు ఆ కాలువకు. పై ఊళ్లవాళ్లకు ఒక వంతు తప్పినా కాలువలో తడి ఉంటుంది, ఎలాగో గట్టెక్కుతారు. శివారు రైతుకు వంతు తప్పితే చేను బీటలు తీస్తుంది. పైగా మాకు ఉప్పు పైకి లేస్తుంది. పొట్ట దశలో ఉన్న పైరుకు నీరు పది రోజుల తర్వాత ఇస్తామంటే ప్రయోజనం ఏముంది? వంతు రోజున శివారు రైతు అర్ధరాత్రి లాంతరు పట్టుకుని బోదె దగ్గర కాపలా కూర్చునే రోజులు మేము చిన్నతనంలో చూశాం.

మాకు ఇప్పుడు అర్థమైంది. గురువారం రాత్రి కువైట్‌లో ఫోన్ పట్టుకుని కూర్చున్న చెల్లెమ్మ ఆ శివారు రైతే. ఊళ్లో ఉన్నవాళ్లకు ఆదివారం ఆరాధన ఉంది, బుధవారం ఉపవాస కూటం ఉంది, ఏదో ఒక తడి తగులుతూనే ఉంటుంది. మా రాత తప్పినా వాళ్లకు పెద్ద నష్టం లేదు. మెచ్చుకుని ఫోన్ చేసేది కూడా ఈ పైఊరి వాళ్లే. శివారు చేను ఫోన్ చేయదు. ఎండుతుంది. నాలుగో వారానికి, మీ ఆరోగ్యం బాగుందా అని మనల్నే పరామర్శిస్తుంది.

అందుచేత క్రమశిక్షణ అనే మాటను మేము ఇప్పుడు వేరేగా చూస్తున్నాం. మొదట్లో అది మన పట్టుదల, మన పేరు, మన మాట నిలబెట్టుకోవడం అనుకునేవాళ్లం. వాటి మీద నిలబడితే ఒక మెప్పుకు పొంగి ఒక వానకు కూలిపోతాం, మాకు జరిగింది అదే. ఎదురుచూసే మనిషి మొహం కళ్ల ముందు ఉంటే మాత్రం కూర్చోబుద్ధి కాకపోయినా కూర్చుంటాం. పసిబిడ్డకు పాలు పట్టే తల్లి క్రమశిక్షణ గురించి ఆలోచించదు. బిడ్డ ఏడుస్తుంది, ఆమె లేస్తుంది.

వాక్యంలో కూడా ఇదే చూస్తాం. లూకా తన సువార్తను మొదలుపెట్టేటప్పుడు ఒక మనిషి పేరు రాసుకున్నాడు. థెయొఫిలు. కళ్లారా చూసినవారు చెప్పినదంతా మొదటి నుండి విచారించి, వరుసగా రాశాడు. ఆ ఒక్క మనిషికి తాను నేర్చుకున్నది నిజమని నిశ్చయం కలగాలని రాశాడు. ఒక్కరి కోసం అంత జాగ్రత్తగా రాసినది ఈరోజు లోకమంతా చదువుతున్నది. హబక్కూకుకు దేవుడు దర్శనమిచ్చి దానిని పలకల మీద స్పష్టంగా రాయమన్నాడు. పరుగెత్తేవాడికి కూడా తెలిసేటంత తేటగా ఉండాలి. పనిలో పరుగెత్తే మనిషికి అర్థం కావాలన్నది దేవుడి షరతు.

ఇక బారూకు సంగతి. యిర్మీయా చెబుతుంటే బారూకు చుట్టలో రాశాడు. యెహోయాకీము రాజు చలికాలపు ఇంట్లో కుంపటి ముందు కూర్చుని, మూడు నాలుగు పుటలు చదవగానే చాకుతో కోసి నిప్పుల్లో వేయించాడు. అంతా కాలిపోయింది. మేము రెండు పేజీలు చింపి మూడు వారాలు మానేశాం. బారూకు మరొక చుట్ట తీసుకుని మళ్లీ మొదటి నుండి రాశాడు. అంతకుముందు లేని మాటలు కూడా అందులో చేరాయి. కాల్చినవాడు రాజు, అయినా ఆగలేదు. మా రాతను ఎవరూ కాల్చలేదు. ఒక పెద్దాయన మెచ్చుకున్నారు, అంతే!

ఆ గురువారం రాత్రి మేము పడుకోలేదు. ఆ చెల్లెమ్మకు సంజాయిషీ పంపలేదు. నోట్‌బుక్కు తీసి ఆమె తల్లి భూస్థాపన రోజు జరిగినది రాశాం. ఎవరెవరు వచ్చారు, పెట్టె ఎవరు మోశారు, ఏ పాట పాడారు, ఏ వాక్యం చదివాం. పక్కింటి హిందూ కుటుంబం పొద్దున్నే ఇంటిల్లిపాదికీ ఇడ్లీలు పంపిన సంగతి. దింపు తీసే మనిషి ఆ రోజు పని మానుకుని సమాధి తవ్వడానికి వచ్చిన సంగతి. చివరి ఆదివారం ఆ పెద్దామె మందిరంలో ముందు చాప మీద కూర్చుని కూతురి పేరు చెప్పి ప్రార్థన చేయించుకున్న సంగతి. సిగ్నల్ తెగిపోయాక జరిగినదంతా. అమ్మగారికి చదివి వినిపిస్తే ఆమె రెండు చోట్ల ఆపి, “ఇది మీ ప్రసంగం, తీసేయండి” అన్నారు. తీసేశాం. తెల్లవారుజామున పంపాం. అది మీకెవరికీ పంపలేదు, ఆమెకు ఒక్కదానికే. మేము ఇన్నేళ్లలో రాసిన వాటిలో అక్కరకు వచ్చినది ఏదంటే అదే. దాన్ని మెచ్చుకుని ఎవరూ ఫోన్ చేయలేదు.

అప్పటి నుండి ఇంట్లో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. మీలో సండేస్కూలు పాఠాలు రాసే టీచర్లు, సాక్ష్యాలు రాసే యవ్వనస్థులు ఉన్నారు కాబట్టి, పనికొస్తాయేమోనని చెబుతున్నాం.

సోమవారం తెల్లవారుజామున ప్రార్థన అయ్యాక వాక్యభాగం ఒకటే ఎంచుకుంటాం. రెండు ఎంచుకుంటే రెంటికీ న్యాయం జరగదు. మంగళవారం రాయం, తిరుగుతాం. గృహదర్శనాల్లో, చెరువుగట్ల మీద, కొట్టు దగ్గర ఈ వారం జనం ఏ మాట ఎక్కువగా అంటున్నారో వింటాం. రొయ్యల ధర పడిపోయిందన్న వారం సమృద్ధి గురించి రాయడానికి చేయి రాదు, రాకూడదు కూడా. బుధవారం రాస్తాం. కరెంటుకూ సిగ్నల్‌కూ లోబడకుండా ముందు కాగితం మీదే రాస్తాం. గురువారం మధ్యాహ్నం అన్నాలయ్యాక పైకి చదువుతాం. అమ్మగారు అంట్లు సర్దుకుంటూ వింటారు. ఆమె చేయి ఆగితే ఆ వాక్యం బాగుందని లెక్క. “అంటే ఏంటండీ?” అంటే ఆ మాట కొట్టేయాలని లెక్క. పది నిమిషాల్లో చదవగలిగినంతే ఉండాలి. ఈ రోజు దాటిపోతున్నాం, క్షమించండి.

ఒకరి దుఃఖాన్ని అడగకుండా రాయకూడదన్నది మరొక కట్టుబాటు. సంఘకాపరికి చాలా సంగతులు తెలుస్తాయి. అవి రాస్తే చదివేవాళ్లు పెరుగుతారు, నమ్మి చెప్పుకున్న మనిషి మాత్రం మళ్లీ నోరు విప్పడు.

చివరిది. నిజంగా కుదరని వారం వస్తుంది. తుఫాను వస్తుంది, జ్వరం వస్తుంది. ఆ వారం ఆరు వాక్యాలైనా పంపాలి. వంతు రోజున నిండు కాలువ రాకపోయినా తడి తగిలితే పైరు నిలబడుతుంది. మొన్న అమ్మగారికి జ్వరం వచ్చిన వారం మేము పంపినది పన్నెండు పంక్తులే, మీరు చూశారు. అది చిన్నదిగా ఉందని సిగ్గుపడ్డాం గాని ఆపలేదు.

ఆ పన్నెండు పంక్తుల వారం కువైట్ నుండి మెసేజ్ వచ్చింది. “అయ్యగారూ, ఈసారి చిన్నదే కదండి, కడప అక్క రెండుసార్లు చదివించుకుంది. అమ్మగారికి జ్వరం తగ్గిందాండి? మేమిద్దరం ప్రార్థన చేస్తున్నామండి.”

రాసేవాళ్లం మేము, వాళ్ల కోసం రాస్తున్నాం అనుకున్నాం. మా ఇంటి కోసం అక్కడ ఇద్దరు ప్రార్థిస్తున్నారు. జ్వరం తగ్గింది, దేవునికి స్తోత్రం.

మీ ప్రార్థనల్లో మమ్మల్ని, ఈ రాతను జ్ఞాపకం చేసుకోండి. మీరు ఎవరికైనా ఉత్తరమో సాక్ష్యమో నాలుగు మాటలో బాకీ ఉంటే ఈ వారమే రాసేయండి, వాళ్లది శివారు చేను కావచ్చు. కృపగల దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.

వచ్చే గురువారం కలుసుకుందాం.